కూతురు లేని ఇంటి అల్లుడు

సభకి అధ్యక్షత వహిస్తూ ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మేనేజరు గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన ఎదురు షాపు యజమాని గారికి, మన ఉద్యోగుల సంఘం కార్యదర్శి గారికి, కంపోజింగు, మిషను, బైండింగు సెక్షన్లలోని మిత్రులకి, మిత్రులు కానివాళ్ళకి, మూడో వరసలో ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చున్న మా ఆవిడకి నమస్కారం.

ఇంతవరకు మాట్లాడిన పెద్దలు నన్ను చాలా పొగిడారు. ఈ ప్రెస్సులో జీవితమంతా ప్రూఫులు దిద్దుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మిషను ఫోర్‌మన్ గారు నన్ను "నిరాడంబరుడు" అన్నారు. మూలప్రతిలో ఉన్న మాట అది కాదు. మూలప్రతిలో "పిసినిగొట్టు" అని ఉంది. క్యాంటీన్లో ఆయన నోటంట విన్నాను. (నవ్వులు) కార్యదర్శి గారు "అందరితో కలిసిమెలిసి ఉండేవారు" అన్నారు. దాన్ని "కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న టీ తాగేవారు" అని చదువుకోవాలి. నా వెనక నన్ను ఫ్లాస్కు మాస్టారు అంటారని నాకు తెలియదనుకోకండి. మెట్ల దగ్గర గోడ మీద ఎవరో బొగ్గుతో "ప్లాస్కు" అని రాస్తే, కింద గీత పెట్టి "ఫ్లాస్కు"గా దిద్దింది నేనే.

నా పక్కన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా నిలబెట్టిన ఈ వాలుకుర్చీని మీరంతా చూస్తున్నారు. పక్కనున్న మీట నొక్కితే కాళ్ళు పైకి లేస్తాయట. మీరు ప్రేమతో ఇస్తున్న బహుమతి అని ఇందాక ప్రకటించారు, మీరు చప్పట్లు కొట్టారు. నేను ఈ పూట లేచింది దీని గురించి మాట్లాడటానికే. దీని సంగతి తేలేదాకా "సెలవు" అనే మాట నా నోట రాదు. కాబట్టి వెనక వరసలవాళ్ళు బయట టీ చల్లారిపోతోందని కంగారు పడకండి. చల్లారనివ్వండి.

ముందు ముఖ్య అతిథి గారి సంగతి. ఆయన్ని మనందరం బావగారు అంటాం. ఎందుకంటే ఆయన మనందర్నీ బావా అంటాడు. మన గేటుకి ఎదురుగా ఆయన వాయిదాల షాపు తెరిచిన కొత్తలో, జీతాల రోజున ఆయనే గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే ప్రతివాణ్ణీ "ఏం బావా, మమ్మల్ని మర్చిపోయావా?" అని పిలిచేవాడు. అంతకుముందు మొహమే చూసి ఉండం, అయినా మర్చిపోయినందుకు మనకే సిగ్గేసేది. నేను చాలా పుస్తకాలు చదివాను. వరసలు పెట్టి పిలవడంలో ఉన్న మోసాన్ని గురించి మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు. అన్నా అని పిలిస్తే పోట్లాడవచ్చు. బాబాయ్ అంటే తప్పించుకోవచ్చు. బావా అని పిలిస్తే మాత్రం నవ్వి తీరాలి. నవ్వినవాడు లోపలికి వెళ్ళి తీరాలి, లోపలికి వెళ్ళినవాడు సంతకం పెట్టి తీరాలి. "డబ్బులెక్కడ అడిగాను బావా? సంతకం అడిగాను. చదువుకున్నవాడివి, నీకు సంతకం కూడా లేదంటే నన్ను నమ్మమంటావా?" అన్నాడు. నాకు సంతకం ఉందని నిరూపించుకున్నాను. ఇంటికి సోఫా వచ్చింది.

ఆ సోఫా మా ముందు గది కంటే పెద్దది. దాన్ని లోపల పెట్టాక తలుపు సగమే తెరుచుకునేది. చుట్టాలు పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని వచ్చేవారు. లావుపాటి చుట్టాలు రావడం మానేశారు, అదొక్కటే ఆ సోఫా వల్ల కలిగిన లాభం. (నవ్వులు) సోఫాకి ఎదురుగా గోడ బోసిగా ఉందని టీవీ వచ్చింది. టీవీ చూస్తే దాహం వేస్తుందని ఫ్రిజ్జు వచ్చింది. ఫ్రిజ్జుకి కరెంటు ఒడిదుడుకులు తగలకూడదని దాని పక్కన ఇంకో పెట్టె వచ్చింది. ఇన్ని వచ్చాయి కదా అని జీతం ఇంకోటి రాలేదు.

నా అప్పు వెనక ఏ జబ్బూ లేదు, ఏ ప్రమాదమూ లేదు. ఉంటే నాకు కొంత గౌరవం దక్కేది. కష్టంలో అప్పు చేసినవాడి భుజం మీద నలుగురూ చెయ్యి వేస్తారు. సోఫా కోసం మునిగినవాణ్ణి చూసి ఎవరూ జాలి పడరు. వాయిదా తప్పితే బావగారు కోప్పడేవాడు కాదు. కోప్పడితే బాగుండేది. ఇంకో కాగితం ముందు పెట్టేవాడు. పాత వాయిదా కట్టుకోవడానికి కొత్త అప్పు. దాని పేరు "సౌకర్య పథకం". ఆ కాగితాలు అచ్చయ్యేది మన ప్రెస్సులోనే, ప్రూఫు దిద్దేది నేనే. నా మెడకి వేసే తాడుని, పురి ఎక్కడా వదులు కాకుండా, నేనే సరిచూసి ఇచ్చేవాణ్ణి. ఆ కాగితంలో తప్పులుంటే చూపించండి చూద్దాం. ఒక్కటీ ఉండదు.

ఇలా ఉండగా ఒక జీతం రోజు, సగం పూట సెలవు దొరికి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి, మా ఆవిడ మూడు పళ్ళేలు పెట్టి కూర్చుంది. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

"ఎవరొస్తున్నారు?" అన్నాను.

"అల్లుడుగారు."

"మనకి కూతురే లేదు కదే!"

"కూతుర్ని కనకుండానే అల్లుణ్ణి తెచ్చుకున్న మొనగాడు మీరు. జీతం ఇలా తెండి."

జేబులోని కవరు లాక్కుని, నోట్లన్నీ లెక్కపెట్టి, అందులోంచి ఓ లావుపాటి మడత తీసి మూడో పళ్ళెంలో పెట్టింది. అదెంతో చూసి నాకు చెమట పట్టింది.

"ముందు ఆయన తినాలి. మిగిలింది మనం తిందాం. ఇన్నాళ్ళూ మనం తిని మిగిలితే ఆయనకి పెట్టాం. అందుకే అలిగి కూర్చున్నాడు."

"అల్లుడికి మర్యాద ఎక్కువ చేస్తే పాతుకుపోతాడంటారు కదా?" అన్నాను, తెలివిగా మాట్లాడాననుకుని.

"ఈ అల్లుడి తీరు వేరు. వడ్డిస్తే పోతాడు. వడ్డించకపోతే వడ్డీ అవుతాడు. పైగా పిల్లల్ని పెడతాడు."

నేను నవ్వాను. ఆ నెలలో అదే ఆఖరి నవ్వు.

మిగిలిన డబ్బు డబ్బాల్లోకి వెళ్ళింది. అద్దెకొకటి, బియ్యానికొకటి, నూనెకొకటి, కరెంటుకొకటి, బస్సుకొకటి. ఏ డబ్బా అడుగు కనిపిస్తే ఆ పని ఆ నెలకి ముగిసినట్టే, పక్క డబ్బాలో చెయ్యి పెట్టకూడదు. నూనె డబ్బా తొందరగా ఖాళీ అయిన నెలల్లో మా ఇంట్లో ఉడకబెట్టినవే రాజ్యమేలేవి. బస్సు డబ్బులు మిగిలిద్దామని నేను రెండు పూటలా నడిచాను. నాలుగు నెలలకి చెప్పులు అరిగిపోయాయి. మా ఆవిడ ఆ చెప్పుల్ని తిరగేసి చూసి, "మిగిల్చిందంతా అరికాలికి పెట్టారు. ఇక నుంచి వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు నడక" అంది.

"అదేం లెక్క?"

"ఆఫీసుకి ఆలస్యమైతే వాళ్ళు జీతం కోస్తారు. ఇంటికి ఆలస్యమైతే నేను తిడతాను. తిట్లకి డబ్బులు కావు."

ఇలాంటివి వింటుంటే మీకు సరదాగా ఉంది, నవ్వుతున్నారు. తొమ్మిదేళ్ళపాటు ఇదే సరదా. రోజూ ఉండేదే. పెద్ద త్యాగమేదో ఒక్కసారి చేసేసి కన్నీళ్ళు తుడుచుకునే వ్యవహారం కాదిది. సబ్బు అరిగి రేకులా అయితే దాన్ని కొత్త సబ్బుకి అంటించడం, పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపల గీకడం, ఎవరైనా వస్తారంటే టీకి పాలు సరిపోతాయా అని ముందు గుబులు పడి తర్వాత సంతోషించడం. పురాణాల్లో వీరులెవరూ పేస్టు గొట్టం కత్తిరించలేదు. అందుకే మాలాంటివాళ్ళ మీద ఎవరూ కావ్యాలు రాయరు.

నేను పుస్తకాలు అమ్మేశాను. గోడ నిండా ఉండేవి. పాత పుస్తకాలవాడు త్రాసు తెచ్చి తూచాడు. నిఘంటువులు బాగానే పలికాయి, కవిత్వం తేలిపోయింది. సోఫా మాత్రం అమ్మడానికి వీల్లేదు. అది నాది కాదు, వాయిదాలన్నీ కట్టేదాకా బావగారిది. నావైన పుస్తకాలు పోయాయి, నాది కాని సోఫా మిగిలింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను చదివిన సాహిత్యమంతా మేనేజరు గారు ఒప్పుకున్న ఆర్డర్లే. కోళ్ళ పెంపకం చదివాను. బోరుబావుల మోటార్ల మరమ్మతు చదివాను. రేఖాగణితం ఏడుసార్లు చదివాను. మీలో కొందరు నన్ను బాగా చదువుకున్నవాడంటారు. కోళ్ళకి వచ్చే తెగుళ్ళ గురించి అడగండి, ఇప్పటికీ అప్పజెబుతాను.



సరే. మీ సంగతికి వద్దాం. జీతం ఇంటికి తెచ్చిన మర్నాడు మా ఆవిడ పక్కింటి నుంచి ఆఫీసుకి ఫోను చేసేది. అప్పుడు ఫోను ఫోర్‌మన్ గారి బల్ల మీద ఉండేది. నేను "అల్లుడుగారికి పెట్టావా? ఎంత పెట్టావు? ఇంకొంచెం పెట్టు, మనం ఎలాగో సర్దుకుందాం" అనేవాణ్ణి. అది విని మీరేం కథలు అల్లారో నాకు తెలియదా? మాస్టారికి ఎక్కడో చాటుగా ఓ కూతురు ఉందన్నారు. అల్లుడు తాగుబోతన్నారు. నన్ను పీల్చుకు తింటున్నాడన్నారు. ఆ ఒక్కటి మాత్రం నిజం. ఫోర్‌మన్ గారైతే ఒకరోజు నన్ను మిషను వెనక్కి తీసుకెళ్ళి, "మాస్టారూ, అల్లుణ్ణి మరీ అంత నెత్తికెక్కించుకోకూడదు. ఓసారి నాకప్పగించండి, నాలుగు తగిలిస్తా" అన్నారు. (నవ్వులు) అయ్యా, అప్పగించి ఉండాల్సింది. అప్పటికి మీ ఇంట్లోనూ ఓ అల్లుడున్నాడు, మోటారు సైకిలు రూపంలో.

ఇంటి ఖర్చుతో నేను పెద్దగా ఇబ్బంది పడలేదు. నా శత్రువు ఈ హాల్లోనే ఉండేవాడు. చందా. ఈ ప్రెస్సులో మనిషి పుడితే చందా, పెళ్ళాడితే చందా, ఇల్లు మారితే చందా, కాలు విరిగితే చందా, ఆ కాలు అతుక్కుంటే పార్టీకి చందా. ఎవరెంత ఇచ్చారో కార్యదర్శి గారు నోటీసు బోర్డు మీద అంటించేవారు. నా ఎదురుగా సున్నా. ఆ సున్నాని ఎర్ర సిరాతో రాసేవారు. ప్రూఫు రీడర్ని ఎర్ర సిరాతో భయపెట్టాలనుకున్న తెలివికి జోహార్లు. "మాస్టారు పోయినా మనమే చందా వేసుకోవాలి" అని మీలో ఒకరు అన్న మాట ఈ మూల నుంచి ఆ మూలకి నవ్వులతో వెళ్ళింది. నా పక్క సీటాయన మాత్రం ప్రతి చందాకీ అందరికంటే ఎక్కువ ఇచ్చేవాడు. ఇచ్చే ముందు క్యాషియరు గారి దగ్గర చేబదులు తీసుకునేవాడు. ఆయన్ని దాత అన్నారు, నన్ను పీనాసి అన్నారు. క్యాషియరు గారు అప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడు కూడా గోడకేసి చూస్తున్నారు, చూడండి. (నవ్వులు)

ఇంకో మాట చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆ రోజుల్లోనే అప్పుల్లోంచి బయటపడటం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి మన ప్రెస్సుకి అచ్చుకొచ్చింది. రచయిత గారు పెద్ద కారులో వచ్చారు. నేను ఆశగా, బల్ల మీదికి వంగి చదివాను. మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం: "ముందుగా మీ ఆదాయాన్ని రెట్టింపు చేసుకోండి." నేను పక్కన ఎర్ర సిరాతో "ఎలా?" అని రాశాను. రచయిత గారికి కోపం వచ్చింది. మేనేజరు గారు పిలిచి, "మీకు జీతమిచ్చేది తప్పులు దిద్దడానికి గానీ ప్రశ్నలు వెయ్యడానికి కాదు" అన్నారు. పుస్తకం "ఎలా" లేకుండానే వెలువడింది. ఉండబట్టలేక అడుగుతున్నాను మేనేజరు గారూ, ఆ రచయిత గారు మనకి ఇవ్వాల్సిన అచ్చు బిల్లు ఇప్పటికైనా ఇచ్చారా?

(మేనేజరు గారు తల అడ్డంగా ఊపారు. పెద్దగా నవ్వులు.)

అదీ సంగతి.

ఆఖరి వాయిదా కట్టిన రోజు నాకు బాగా గుర్తు. షాపులో కౌంటరు మీద డబ్బు పెట్టి, ఖాతాలో బాకీ లేదని కాగితం రాసివ్వమన్నాను. బావగారి మొహం వాడిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఏం బావా, మా మీద ఏమైనా కోపమా?" అన్నాడు. నా జీవితంలో నేను విన్న గొప్ప మాటల్లో అదొకటి. అప్పు తీర్చినవాడికి కోపం వచ్చిందని అనుకునే లోకం ఇది! ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ ఏ హడావిడీ చెయ్యలేదు. మూడో పళ్ళెం కడిగి, తుడిచి, అరమీద బోర్లించింది. "తొమ్మిదేళ్ళు మేపితే, వెళ్ళేటప్పుడు ఒక్క మాటైనా చెప్పి వెళ్ళాడు కాదు" అంది. అప్పటికి ఆ సోఫా స్ప్రింగులు బయటికొచ్చి, డబ్బులిస్తే గానీ ఎత్తనని భీష్మించుకున్న చెత్తబండివాడి చేతిలో పడి, పోయి కూడా చాలా కాలమైంది. ఆ తర్వాత మేము కూర్చోవడానికి ఏమీ కొనలేదు. ఇద్దరికీ రెండు చెక్క కుర్చీలు. ఈమధ్య మా ఆవిడకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. లేవాలంటే బల్ల అంచు పట్టుకుంటుంది. ఆ పళ్ళెం మాత్రం బోర్లించినది బోర్లించినట్టే ఉంది. మా ఇంట్లో దానికి మించిన అలంకారం లేదు.

ఇప్పుడు ఈ పొద్దుటి సంగతి. ఇది నా ఆఖరి పనిదినం కదా అని కొంచెం ఆలస్యంగా టీ తాగుతున్నాను. ఫోను మోగింది. అక్షరాల మనిషిని, వచ్చిన ప్రతి ముక్కా చదువుతాను. "ప్రియమైన పాత ఖాతాదారుకి మళ్ళీ స్వాగతం. మీ వాలుకుర్చీ మొదటి వాయిదా వచ్చే నెల అయిదో తారీకున" అని ఉంది. (సభలో కలకలం) అవును, నేనూ అలాగే ఉలిక్కిపడ్డాను. మా ఆవిడ నా భుజం మీంచి చదివింది. చదివి, అరమీదికి చూసి, "పళ్ళెం తియ్యమంటారా?" అంది. రేపటి నుంచి మాకొచ్చేది సగం జీతమని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. "అక్కర్లేదు. సాయంత్రానికి తేల్చుకొస్తాను" అన్నాను. ఆ మాట ఇచ్చి ఇంట్లోంచి బయల్దేరాను.

తిన్నగా షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఎంతో సంతోషంగా చెప్పింది. మీరు వేసుకున్న చందాలు కుర్చీ ఖరీదులో పావు వంతుకి కూడా రాలేదట. మిగతాది వాయిదాల మీద పెడదామన్నారట కార్యదర్శి గారు. ఎవరి పేరు మీద? అక్కడ వచ్చింది చిక్కు. ఈ సంఘంలో ఎవరి పేరు కొట్టినా కంప్యూటరు ఒప్పుకోలేదట. కార్యదర్శి గారి పేరు కొడితే తెర మొత్తం ఎర్రబడిందట. ఫోర్‌మన్ గారి పేరు కొడితే మిషనే ఆగిపోయిందట. (నవ్వులు) మీ అందరి ఖాతాలూ పీకల దాకా నిండి ఉన్నాయి. చివరికి, "మచ్చలేని ఖాతా మొత్తం ప్రెస్సులో మీదొక్కటే సార్! మీది కొట్టగానే వెంటనే పాసైపోయింది!" అంది ఆ అమ్మాయి, నాకేదో బంగారు పతకం వచ్చినట్టు. తొమ్మిదేళ్ళు పేస్టు గొట్టాలు గీకి నేను సంపాదించుకున్న పరువు అది. దాన్ని మీరు తాకట్టు పెట్టి నాకే బహుమతి కొన్నారు.

నా అనుమతి ఎలా వచ్చిందనుకుంటున్నారా? పోయిన వారం కార్యదర్శి గారు వచ్చి, "మాస్టారూ, మీ ఫోనుకి నాలుగంకెలు వస్తాయి, కాస్త చెప్పండి. సన్మానపత్రంలో పేరు వెయ్యడానికి" అన్నారు. "అంకెలతో పేరెలా వేస్తారయ్యా?" అంటే, "ఇప్పుడంతా అంతే మాస్టారూ" అన్నారు. లోకం అంత వేగంగా మారిపోయిందేమో, నాకే తెలియదేమో అనుకుని చెప్పాను.

(కార్యదర్శి గారు లేచి, "నెలనెలా మేమే వసూలు చేసి కట్టేస్తాం మాస్టారూ! మీకు ఒక్క పైసా భారం పడనివ్వం!" అన్నారు.)

కూర్చో నాయనా. నీ మనసు మంచిదే. నీ వసూళ్ళ సంగతే నాకు తెలుసు. నాకంటే ముందు రిటైరైన బైండరు గారికి గోడగడియారం కొన్నారు. ఆ గడియారం ఆగిపోయి చాలా కాలమైంది, దాని వసూలు ఇంకా ఆగలేదు. నువ్వు ఒక నెల తప్పితే ఫోను నాకొస్తుంది. రెండు నెలలు తప్పితే మనిషి మా గుమ్మంలోకి వస్తాడు. వచ్చి బావా అంటాడు.

(ముఖ్య అతిథి గారు మైకు దగ్గరికి వంగి, "ఇంత దానికి సభలో గొడవెందుకు బావా? మిగతాది నేనే ఇచ్చుకుంటాను, నా గిఫ్టు అనుకో, పో!" అన్నారు. చప్పట్లు.)

చప్పట్లు ఆపండి. బావగారూ, మీ గిఫ్టు నాకు కొత్త కాదు. షాపు తెరిచిన ఏడాది మీరు నాకొక క్యాలెండరు గిఫ్టుగా ఇచ్చారు. దాని వెనకే సోఫా వచ్చింది. ఊరికే వచ్చినదానికి వాయిదాలు ఇంకా ఎక్కువని మీ దగ్గరే నేర్చుకున్నాను. నాకు గిఫ్టు వద్దు. ఈ ఖాతా మూసెయ్యండి. రేపు కాదు, సభ అయ్యాక కాదు. జేబులో ఫోనుంది కదా, షాపు ఎదురుగానే ఉంది కదా, ఆ అమ్మాయి కౌంటర్లోనే ఉంది కదా. మేనేజరు గారూ, అలా చూడకండి. నాకు తొందరేమీ లేదు, నేను ఈ సాయంత్రం నుంచి ఖాళీ. రేఖాగణితం మొదటి నుంచి చెప్పమన్నా చెబుతాను. పైగా నా దగ్గర టీ ఉంది.

(సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలోకి టీ పోసుకున్నారు. నవ్వులు, ఈలలు, చప్పట్లు. ముఖ్య అతిథి గారు ఫోను తీశారు.)

మాట్లాడండి, మాట్లాడండి, అందరం వింటున్నాం. ఆ, పేరు చెప్పనక్కర్లేదు, ఎర్రబడని ఖాతా అంటే చాలు... డబ్బు సంఘానికి వాపసు, కుర్చీ షాపుకి వాపసు... ఇదిగో మోగింది. ఉండండి, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. "మీ ఖాతా రద్ధు చేయబడినది." చూశారా, ఇక్కడ కూడా! "రద్దు" అయ్యా, కింద ఒత్తు దకారం, ధకారం కాదు. పోనీండి. నా ఉద్యోగంలో ఇదే ఆఖరి తప్పు. మొదటిసారి ఒక అచ్చుతప్పు నాకు అందంగా కనిపించింది.

(ఇంతలో మూడో వరసలోంచి వారి శ్రీమతి లేచి, ముందు కుర్చీల వీపులు పట్టుకుంటూ వేదిక దగ్గరికి వచ్చారు.)

ఏమిటి? పైకా? మెట్టు ఎత్తుగా ఉంది, చెయ్యి ఇలా ఇవ్వు... మైకు దూరంగా ఉంది కాబట్టి మా ఆవిడ మాట నేను చెబుతాను. "ఎలాగూ వెనక్కి వెళ్ళిపోయేదే కదా, ఓసారి కూర్చుని చూస్తాను" అంటోంది. ఎవరైనా ఆ కవరు తియ్యండయ్యా. బావగారూ, కూర్చుంటే వాయిదా పడదు కదా? లేదంటున్నారు. ఆ మీట కుడిపక్కన ఉంది. నొక్కు. ఇంకొంచెం.

(శ్రీమతి కుర్చీలో కూర్చున్నారు. కాళ్ళు పైకి లేచాయి. ఆమె కళ్ళు మూసుకున్నారు.)

తొందరేం లేదు. కూర్చో.

(చాలాసేపటి తర్వాత ఆమె మీట వెనక్కి నొక్కి, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు.)

ఎలా ఉంది?

(ఆమె జవాబు మైకులో వినిపించింది: "బాగుంది. వద్దు.")

విన్నారు కదా. బాగుంది, వద్దు. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దాను. ఇందులో దిద్దడానికి నాకేమీ కనిపించడం లేదు. మీరు రాసుకోవాలనుకుంటే రాసుకోండి, మీరు రాసుకోరు. రేపు జీతాల రోజు, బావగారు గుమ్మంలో ఉంటాడు, మీకు నవ్వొస్తుంది.

ఇంతసేపు ఓపికగా, ఓపిక లేకపోయినా మర్యాద కోసం, మీరు నా మాటలు విన్నారు. ఈ హాల్లో నేను మీకు పడ్డ బాకీ అదొక్కటే. అది కూడా ఉంచుకుని వెళ్ళను. ధన్యవాదాలు. తీరిపోయింది.

పద, బస్సులో వెళదాం. ఇవాళ ఇంటికొచ్చేటప్పుడు కూడా బస్సే.

సెలవు.